యోగం, క్షేమం: స్వయం ఉపాధి జీవి ఆదాయ ప్రకటన – ఒక నైతిక పరిశీలన

సంగ్రహం

సొంత పనితో జీవించే వ్యక్తి ప్రభుత్వ సంక్షేమ ప్రయోజనం కోసం తన ఆదాయాన్ని ప్రకటించవలసి వచ్చినప్పుడు తలెత్తే సత్యాసత్య సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు రాష్ట్రాలలోని బియ్యం కార్డు, వృత్తిదారుల సహాయ పథకాలు ఇందుకు ఆధారం. ఆదాయం తెలియకపోవడం, తెలిసి దాచడం అనే రెండు స్థితులు నైతికంగా వేరని, తెలిసి దాచడం వల్ల నష్టపోయేది ప్రధానంగా తోటి పేదవాడని, జవాబు చెప్పగలిగిన ప్రశ్ననే అడగవలసిన బాధ్యత పాలనకు ఉన్నదని ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: స్వయం ఉపాధి, సంక్షేమం, అర్హత, స్వీయ ప్రకటన, సత్యం, యోగక్షేమం.

1. ఉపోద్ఘాతం

ఒక చిన్న పట్టణంలో ఇంటి వరండాలో కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుట్టే స్త్రీని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమె పేరు ఏదైనా కావచ్చు; ఇటువంటివారు తెలుగు నేలపై ప్రతి వీధిలోనూ ఉన్నారు. బియ్యం కార్డు కోసమో, వృత్తిదారులకు ఇచ్చే సహాయం కోసమో ఆమె ఒక దరఖాస్తు నింపాలి. పేరు, వయస్సు, చిరునామా తడుముకోకుండా రాయగలదు. ‘ఆదాయం’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి ఆమె కలం ఆగుతుంది. పక్కనున్నవారు ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఆమె సంపాదనను చూసి చెప్పినది కాదు, పథకం పరిమితిని చూసి చెప్పినది. ఆమె దానినే రాసి, పై వివరాలన్నీ సత్యమని కింద సంతకం చేస్తుంది.

ఆమె అబద్ధం చెప్పిందా? చెప్పి ఉంటే ఎవరికి అన్యాయం చేసింది? చెప్పలేదంటే, ఆ సంతకానికి అర్థమేమిటి? ఈ ప్రశ్నలు సాధారణంగా రెండు తొందరపాటు సమాధానాలలో ముగిసిపోతాయి. అనర్హులు ప్రజాధనాన్ని దోచుకొంటున్నారన్నది మొదటిది. పేదవాడు బతకడానికి ఏమి రాసినా తప్పులేదన్నది రెండవది. మొదటిది ఆ స్త్రీ పరిస్థితిని చూడదు. రెండవది ఆమె మాటకు విలువ ఇవ్వదు. ఆమెను మాట మీద నిలబడగల మనిషిగా గౌరవిస్తూనే ఆమె ఇబ్బందిని అర్థం చేసుకొనే మార్గం ఏమైనా ఉన్నదా అన్నదే ఇక్కడి విచారణ.

2. పదాలలోని సంగతి

ఈ వ్యవహారంలో వాడే పదాలను ముందుగా పరిశీలించడం అవసరం. ప్రయోజనం పొందే వ్యక్తిని పాలనా పరిభాష ‘లబ్ధిదారు’ అంటుంది. ‘లబ్ధి’ సంస్కృత పదం. ‘పొందడం’ అని అర్థం. ‘దారు’ జమీందారు, హక్కుదారు వంటి మాటలలో కనిపించే పారశీక ప్రత్యయం. రెండూ కలిసి ‘పొందినదానిని కలిగినవాడు’ అన్న అర్థం ఏర్పడింది. ‘హక్కుదారు’ అన్న మాట వాడుకలో ఉండగా పాలన దీనిని స్థిరపరచుకొన్నది. హక్కుదారు అడుగుతాడు, లబ్ధిదారుకు ఎవరో ఇస్తారు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతలో అడగడం నామోషీ కాదు. లబ్ధిదారు అన్న మాటలో అడిగే గొంతు వినిపించదు.

రెండవ పదం ‘అర్హత’. నిబంధనలకు సరిపోవడం అన్నది దీనికి పరిపాలనాపరమైన అర్థం. యోగ్యత కలిగి ఉండడం అన్నది లోకవ్యవహారంలోని అర్థం. ‘అనర్హుడు’ అని జాబితాలో చేరినవాడు నిబంధనకు సరిపోలేదని మాత్రమే ఉద్యోగి ఉద్దేశం కావచ్చు. వినేవానికి అది తన యోగ్యత మీద వేసిన ముద్రగా వినిపిస్తుంది. పైగా ఇక్కడ అర్హత అంటే పేదరికమే. కాబట్టి అర్హుడు కావాలంటే తన వృత్తిలో తాను పెద్దగా ఎదగలేదని నిరూపించుకోవాలి. పనితనమే పరువుగా బతికే మనిషికి ఇది చేదుగా ఉంటుంది.

మూడవది ‘సంక్షేమం’. దీని మూలంలోని ‘క్షేమం’ తెలుగువారి వాడుకలో ‘యోగ’ పదంతో జంటగా వచ్చింది. ‘యోగక్షేమాలు’ అన్న మాట లేకుండా ఒకప్పుడు ఉత్తరం ఉండేది కాదు. జీవిత బీమా సంస్థ తన నినాదంలో ఈ జంటపదాన్నే నిలుపుకొన్నది. లేనిదానిని సంపాదించుకోవడం యోగమని, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమమని వ్యాఖ్యాతల వివరణ. ఈ వివరణ ప్రస్తుత సమస్యకు చక్కగా అన్వయిస్తుంది. కుట్టుమిషను, మగ్గం, ఆటో, తోపుడుబండి యోగ సాధనాలు. బియ్యం కార్డు, ఆరోగ్యశ్రీ, పింఛను క్షేమ సాధనాలు. భాషలో ఈ రెండూ కలిసి నడిచాయి. పథకాల నిబంధనలలో మాత్రం ఒకటి పెరిగితే రెండవది పోతుంది. నైతిక సమస్య మొదలయ్యేది ఇక్కడే.

3. అంకె ఎక్కడ ఉన్నది?

నెలజీతం తీసుకొనేవాని ఆదాయం ఒక కాగితం మీద ఉంటుంది. రోజుకూలీ ఆదాయం పనిదినాల లెక్కలో దొరుకుతుంది. స్వయం ఉపాధి జీవి ఆదాయం అటువంటిది కాదు. పై ఉదాహరణలోని దర్జీకి శ్రావణమాసంలో, సంక్రాంతి ముందు, పెళ్ళి ముహూర్తాలు ఉన్న రోజులలో రాత్రి పొద్దుపోయేదాకా పని ఉంటుంది. ఆషాఢంలోను, మూఢం రోజులలోను మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆమె రాబడి క్యాలెండరు కంటే పంచాంగాన్నే ఎక్కువగా అనుసరిస్తుంది. ‘నెలసరి ఆదాయం’ అని అడిగితే ఏ నెలది?

నెల తేలినా అంకె తేలదు. చేతికి వచ్చిన డబ్బులో లైనింగు గుడ్డ, దారం, హుక్కులు, మిషను మరమ్మతు, కరెంటు ఖర్చు కలిసి ఉంటాయి. తరువాత ఇస్తామని పట్టుకుపోయినవారి బాకీలు ఉంటాయి. ఆ వచ్చిన డబ్బుతోనే ఉప్పూ పప్పూ కొంటుంది, పిల్లవాని ఫీజు కడుతుంది, మళ్ళీ దారం కొంటుంది. ఇంటి ఖర్చు, వృత్తి ఖర్చు ఒకే డబ్బా నుంచి పోతాయి. రాబడి, లాభం, మిగులు, గిట్టుబాటు అనే మాటలు తెలుగులో వేరువేరు అర్థాలతో ఉన్నాయి. దరఖాస్తులోని ‘ఆదాయం’ వీటిలో దేనిని అడుగుతున్నదో స్పష్టం కాదు.

చేనేతలో సమస్య ఇంకొక రూపంలో కనిపిస్తుంది. గుంత మగ్గంలో వానాకాలం నీరు ఊరితే పని ఆగిపోతుంది. మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో నేసి మజూరీ తీసుకొనే నేతగాడు స్వయం ఉపాధి జీవా, కూలీయా అన్నదే తేలని ప్రశ్న. మగ్గం ఇంట్లోనిది, సరుకు, ధర, మార్కెటు ఇతరులవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. మగ్గం సొంతం కావడమే ప్రమాణమైనప్పుడు ఇతరుల మగ్గం మీద నేసేవారు, నూలు చుట్టేవారు, అచ్చు అతికేవారు ఆ ప్రమాణానికి బయటే ఉంటారు. ‘సొంతం’ అన్న ఒక్క మాట చుట్టూ గీసిన గీత వృత్తిలోని శ్రమనంతటినీ చుట్టలేదు.

పరిమితులను చూసినా అంకె స్వభావం అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత అమలులోకి వచ్చిన ప్రమాణాల ప్రకారం కుటుంబ ఆదాయం గ్రామాలలో నెలకు 10,000 రూపాయలు, పట్టణాలలో 12,000 రూపాయలు మించరాదు. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు పరిమితి గ్రామాలలో ఏడాదికి లక్షా 50 వేలు, పట్టణాలలో 2 లక్షలు. కోదాడ పక్క పల్లెలో నెలకు 11,500 రూపాయలు సంపాదించే కుటుంబం ఈ లెక్కన అర్హమైనది. జగ్గయ్యపేట పక్క పల్లెలో అంతే సంపాదించే కుటుంబం అనర్హమైనది. రెండు కుటుంబాల పేదరికంలో తేడా లేదు. మధ్యనున్నది ఒక సరిహద్దు మాత్రమే. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు కాబట్టి దీనిని తప్పు అనలేము. కాని ఆ గీతకు ఇవతలి మనిషి నిజాయితీపరుడని, అవతలి మనిషి మోసగాడని తీర్పు చెప్పడానికి మాత్రం అది ఆధారం కాదు.

4. రెండు గుమ్మాలు, రెండు అంకెలు

స్వయం ఉపాధి జీవి రెండు గుమ్మాల ముందు నిలబడవలసి ఉంటుంది. ఒకటి సచివాలయం లేదా మండల కార్యాలయం, రెండవది బ్యాంకు. మొదటి గుమ్మం దగ్గర ఆదాయం తక్కువని చెప్పాలి. లేకపోతే కార్డు రాదు. రెండవ గుమ్మం దగ్గర ఆదాయం చాలినంత ఉన్నదని చెప్పాలి. లేకపోతే అప్పు పుట్టదు. రెండవ మిషను కోసమో, ఆటో కోసమో వెళ్ళిన మనిషిని బ్యాంకు ఆదాయపు పన్ను రిటర్ను అడగడం మామూలే. రిటర్ను దాఖలు చేసినవారందరూ పన్ను కట్టేవారు కారు. అయినా పన్ను చెల్లించే కుటుంబానికి ప్రయోజనాలు ఉండవన్న నిబంధన పక్కనే ఉండగా, రిటర్ను వేస్తే కార్డు పోతుందేమోనన్న భయం ఇంటిని వదలదు. అప్పు కోసం చూపిన అంకె అన్నానికి ఎసరు పెడితే, అది కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండు అంకెలు చెప్పినప్పుడు, వాటిలో కనీసం ఒకటి అసత్యమని తర్కం చెబుతుంది. కాని రెండు గుమ్మాలూ అడుగుతున్నది ఒకే విషయం కాదు. బ్యాంకు అడిగేది తీర్చగల శక్తిని; అంటే రాబోయే రోజుల గురించిన అంచనాను. సంక్షేమ శాఖ అడిగేది లేమిని. అంటే గడిచిన రోజుల గురించిన సాక్ష్యాన్ని. ఈ రెండింటికీ ‘ఆదాయం’ అన్న ఒకే మాట వాడడం వల్ల కొంత వైరుధ్యం భాషలోనే పుడుతున్నది. కొంత మాత్రమే. తీర్చగల శక్తి నిజంగా ఉన్నవానికి లేమి కూడా నిజంగా ఉండడం కొంతవరకే సాధ్యం. ఆ పరిమితి దాటినప్పుడు మాటల తేడా సాకు అవుతుంది.

పన్ను చట్టం ఇదే అనిశ్చితిని ఎలా స్వీకరించిందో చూడడం ఆసక్తికరం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షను చిన్న వ్యాపారికి పూర్తి లెక్కల పుస్తకాలు రాయనవసరం లేని మార్గం కల్పించింది. మొత్తం అమ్మకాలలో 8 శాతాన్ని, డిజిటల్ చెల్లింపుల ద్వారా వచ్చిన మొత్తంపై 6 శాతాన్ని ఆదాయంగా భావించవచ్చునన్నది. ఏడాదికి 15 లక్షల వ్యాపారం అంతా డిజిటల్ చెల్లింపులలో చేసినవాడు 90,000 రూపాయలు ఆదాయంగా చూపితే చట్టం అంగీకరిస్తుంది. అది అతని అసలు ఆదాయమని ఎవరూ అనరు. అది ‘భావించిన’ ఆదాయం. చిన్న వ్యాపారి లెక్కలు రాయలేడన్న వాస్తవాన్ని, పన్ను వసూలు చేసే వేళ, రాజ్యం గౌరవంగా ఒప్పుకొన్నది. బియ్యం ఇచ్చే వేళ దర్జీకి అటువంటి వెసులుబాటు చూపే సూత్రం లేదు. ఆమె రాసిన అంకె సుమారైనదని అందరికీ తెలుసు. అది అక్షరసత్యమని సంతకం మాత్రం కావాలి.

5. అసత్యం ఎప్పుడు అసత్యం?

సత్యం గురించి భారతీయ సంప్రదాయంలో బాగా తెలిసిన ఉపాఖ్యానాలలో కర్ణపర్వంలోని కౌశికుని కథ ఒకటి. సత్యమే చెబుతానని వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలు అడిగినప్పుడు, ప్రాణభయంతో దాక్కొన్నవారి జాడ చెప్పాడు. వారు చంపబడ్డారు, కౌశికుడు నరకానికి పోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే సత్యధర్మం కాదని, అడిగేదెవరు, ఎందుకు అన్నది కూడా దానిలో భాగమని ఈ కథ బోధన. దీనికి ఎదురుగా జర్మన్ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1797లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, హంతకునికి సైతం అబద్ధం చెప్పే హక్కు మనిషికి లేదని వాదించాడు. మాట మీది నమ్మకమే ఒప్పందాలన్నింటికీ పునాది కాబట్టి, ఒక్క మినహాయింపు కూడా మానవజాతికంతటికీ చేసిన అపకారమని అతని వాదం.

ఆదాయ ప్రకటన విషయంలో కౌశికుని కథను ఆశ్రయించడం సులభం. కాని అది అన్వయించదు. సచివాలయ ఉద్యోగి దొంగ కాడు. అతడు అడిగేది ఎవరినీ చంపడానికి కాదు, పంచడానికి. పంచేవాడు అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పడాన్ని ప్రాణరక్షణతో సమానం చేయాలంటే, ఆ ప్రయోజనం పోతే ప్రాణం మీదికి వస్తుందని చూపాలి. కొన్ని కుటుంబాల విషయంలో అది నిజమే. డయాలసిస్ మీద ఉన్న మనిషి ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ప్రాణమే. చాలా కుటుంబాల విషయంలో అది అతిశయోక్తి. కాంట్ వాదం కూడా నేరుగా సరిపోదు. అతడు చర్చించినది తెలిసిన విషయాన్ని దాచడాన్ని. ఇక్కడ చాలామందికి ఆ విషయమే తెలియదు.

కాబట్టి మూడు స్థితులను వేరు చేయడం అవసరం. మొదటిది, ఆదాయం ఎంతో తెలియక, ఆలోచించి సుమారుగా ఒక అంకె రాయడం. ఇది అసత్యం కాదు, అంచనా. అంచనా తప్పితే అది పొరపాటు. రెండవది, ఎంతో ఖచ్చితంగా తెలియకపోయినా పరిమితికి లోపలే ఉన్నానో లేదో తెలుసుకొనే ప్రయత్నం చేయకుండా, పరిమితిని చూసి అంకె రాయడం. ఇది అబద్ధం కంటే ఉదాసీనతకు దగ్గర. ‘నాకు తెలియదు’ అన్న స్థితిని కావాలని కాపాడుకోవడం ఇందులోని దోషం. ఉపోద్ఘాతంలోని దర్జీ ఈ స్థితిలోనే ఉన్నది. మూడవది, పరిమితిని బాగా దాటామని తెలిసి, రెండవ దుకాణాన్ని బావమరిది పేరునో, కారును అన్న పేరునో పెట్టి తక్కువ రాయడం. ఇది అసత్యం, దీనికి మరొక పేరు లేదు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల రెండు అపకారాలు జరుగుతున్నాయి. పొరపాటు చేసినవాడు నేరస్థుడిలా తలవంచుకొంటాడు. నేరం చేసినవాడు పొరపాటు చేసినవారి గుంపులో తలదాచుకొంటాడు.

అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుని పాత్ర ఇక్కడ కౌశికుని కథ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మిథిలలో మాంసం అమ్ముకొని బతికే ధర్మవ్యాధుడు నేటి పరిభాషలో స్వయం ఉపాధి జీవి. తనను వెతుక్కొంటూ వచ్చిన బ్రాహ్మణుని ముందు అతడు తన వృత్తిని దాచలేదు. అందులోని దోషాన్ని కూడా దాచలేదు. తాను చంపనని, ఇతరులు చంపినది అమ్ముతానని చెప్పాడు. అయినా ఈ పని ఘోరమైనదేనని ఒప్పుకొన్నాడు. వృద్ధులైన తల్లిదండ్రులను సేవించడం తన ధర్మమని చూపాడు. ఉన్న స్థితిని ఉన్నట్టుగా, సందిగ్ధతతో సహా చెప్పగలగడమే అతని సత్యం. దరఖాస్తు గడిలో ఒక్క అంకెకే చోటు ఉన్నది; సందిగ్ధతకు చోటు లేదు. ధర్మవ్యాధుడైనా ఆ గడిని నిజాయితీగా నింపడానికి కష్టపడేవాడు.

6. ఎవరికి అన్యాయం?

తెలిసి దాచినవాడు సాధారణంగా మూడు సమర్థనలు చెబుతాడు. అది సర్కారు సొమ్ము, ఎవరిదీ కాదన్నది మొదటిది. పెద్దలు ఎన్నో రెట్లు తింటున్నారన్నది రెండవది. అందరూ చేస్తున్నదేనన్నది మూడవది. వీటిలో రెండవదానికి కొంత బలం ఉన్నది. పెద్ద అన్యాయాన్ని వదిలి చిన్నదానిని పట్టుకొనే వ్యవస్థకు నైతిక అధికారం తగ్గుతుంది. కాని ఇంకొకరి తప్పు వ్యవస్థ పక్షపాతాన్ని రుజువు చేయగలదే గాని, తన తప్పును ఒప్పు చేయలేదు.

మొదటి సమర్థనను జాగ్రత్తగా పరిశీలించాలి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ప్రవేశపెట్టినప్పటి నుంచి తెలుగు ఇళ్ళలో బియ్యం కార్డు కేవలం కాగితం కాదు. అది ఇతర ప్రయోజనాలకు తాళంచెవిగా మారింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దేశంలోని గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు లెక్కించి, రాష్ట్రాలవారీగా పరిమితులు పెట్టింది. దానికి పైన ఇచ్చేది రాష్ట్రం తన ఖజానా నుంచి ఇవ్వాలి. ఇటువంటి ఏర్పాటులో అనర్హమైన ఒక కార్డు గాలిలోంచి రాదు. ఎక్కడో ఒక కుటుంబం నిరీక్షణలో అది కలిసి ఉంటుంది. పెళ్ళై వేరుకాపురం పెట్టి, కొత్త కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దంపతులు తెలుగు రాష్ట్రాలలో ఎందరో ఉన్నారు. కాబట్టి తెలిసి దాచినవాడు మోసగించినది ‘సర్కారు’ అనే ముఖం లేని వస్తువును కాదు. అతడు తన వీధిలోనే ఉన్న, తనకంటే ఒక మెట్టు కింద ఉన్న మనిషిని వెనక్కి నెట్టాడు. దర్జీకి అన్యాయం చేసేది చాలాసార్లు ఆమె కంటే బాగా ఉన్న వస్త్రదుకాణం యజమాని.

మూడవ సమర్థన ప్రమాదకరమైనది. ఎందుకంటే అది కొంతవరకు నిజం. అందరూ తక్కువ రాస్తారని ఉద్యోగికి తెలుసు. కాబట్టి అతడు ఎవరి అంకెనూ నమ్మడు. ఎవరి అంకెనూ నమ్మరు కాబట్టి నిజం రాసినవాడు నష్టపోతాడు. నిజమే చెప్పిన దర్జీ ఆదాయాన్ని కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటుందని లెక్కిస్తారు. అబద్ధం సామాన్యమైనచోట నిజానికి మారకం విలువ తగ్గుతుంది. కాంట్ చెప్పిన పునాది ఇక్కడ కదులుతున్నది; అతని వాదంలో నిలిచేది ఈ భాగమే.

7. అడిగేవారి ధర్మం

మాటను నమ్మలేని పాలన గుర్తులను నమ్ముకొంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఆరు అంచెల పరిశీలన అటువంటిదే. ఆదాయ పరిమితితో పాటు 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట, నెలకు 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల వాహనం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో 1,000 చదరపు అడుగుల ఇల్లు మొదలైనవి కొలతలయ్యాయి. టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు ఇవ్వడంలో బతుకుతెరువు సాధనం సంపదకు గుర్తు కాదన్న వివేకం ఉన్నది. కరెంటు మీటరు దగ్గర ఆ వివేకం కొనసాగలేదు. ఇంట్లోనే పని చేసుకొనేవారికి ఇంటి మీటరే వృత్తి మీటరు. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీలకు, క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు కరెంటు ఉచితంగా ఇచ్చారు. అంటే కరెంటు ఒకచోట వృత్తికి అందించవలసిన ఊతం, ఇంకొకచోట సంపన్నతకు సాక్ష్యం. వస్తువు ఒకటే, దాని అర్థాన్ని నిర్ణయించేది చూసే చూపు.

పరీక్షను పూర్తిగా తీసివేస్తే అబద్ధానికి అవకాశం పోతుందన్నది ఒక వాదం. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు ఇందుకు ఉదాహరణ. ఆదాయం అడగకుండా, ఎకరానికి పంటకు మొదట 4,000, తరువాత 5,000 రూపాయల చొప్పున ఇచ్చారు. అక్కడ ఆదాయం గురించి అబద్ధం చెప్పవలసిన అగత్యం ఏ రైతుకూ రాలేదు. కాని ఎకరాలు ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ అందింది. పట్టా లేని కౌలురైతుకు అందలేదు. అసత్యాన్ని తొలగించడం, అన్యాయాన్ని తొలగించడం ఒకటి కావని దీనివల్ల తెలుస్తున్నది.

మరొక కొసన బ్రిటన్‌లోని యూనివర్సల్ క్రెడిట్ పద్ధతి ఉన్నది. అక్కడ స్వయం ఉపాధి జీవి ప్రతి నెలా రాబడి, ఖర్చులు తెలపాలి. మొదటి ఏడాది గడిచాక, సాధారణంగా, కనీస వేతనం లెక్కన అతడు ఇంత సంపాదించి ఉండాలని ఒక మొత్తాన్ని నిర్ణయిస్తారు. అసలు రాబడి అంతకంటే తక్కువైనా ఆ మొత్తమే వచ్చినట్టు భావించి సహాయాన్ని లెక్కిస్తారు. ఆషాఢంలో మిషను ఆగినా ఆగనట్టే అన్నమాట. అబద్ధం చెప్పే అవకాశం తగ్గింది గాని, నిజం చెప్పినా ప్రయోజనం లేని స్థితి వచ్చింది.

ఈ ఉదాహరణలనుబట్టి అడిగేవారి ధర్మాన్ని మూడు అంశాలుగా చెప్పవచ్చు. జవాబు చెప్పగలిగిన ప్రశ్ననే అడగాలి. నిజం చెప్పినవాడిని అబద్ధం చెప్పినవాడి కంటే అధ్వాన్న స్థితిలో పడవేయకూడదు. పొరపాటును దిద్దుకొనే దారి ఉంచాలి. రాజ్యాంగంలోని 43వ అధికరణం గ్రామాలలో కుటీర పరిశ్రమలను వ్యక్తిగతంగా గాని, సహకార పద్ధతిలో గాని పెంపొందించమన్నది. 41వ అధికరణం తన ఆర్థిక శక్తికి లోబడి నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం వంటి స్థితులలో సహాయం అందించమన్నది. మొదటిది యోగానికి, రెండవది క్షేమానికి సంబంధించినవి. ఇవి న్యాయస్థానాలలో అమలు చేయించుకోగల హక్కులు కావని 37వ అధికరణమే చెబుతున్నా, పాలనకు మౌలికమైనవని కూడా అదే చెబుతున్నది. ఒకదానిని అందుకొన్నందుకు రెండవదానిని కోల్పోయే ఏర్పాటు ఈ రెండు అధికరణాల ఉమ్మడి ఉద్దేశానికి తగినది కాదు.

పరిమితి అంచున జరిగేది దీనికి నిదర్శనం. పరిమితికి 100 రూపాయలు పైకి వెళ్ళిన కుటుంబం 100 రూపాయల విలువైన సహాయాన్ని కోల్పోదు, కార్డునే కోల్పోతుంది. కార్డుతో బియ్యం, దాని వెనుక ఇంకా కొన్ని ప్రయోజనాలు పోతాయి. ఇది తెలిసిన దర్జీ రెండవ మిషను కొనదు. సాయానికి పక్కింటి అమ్మాయిని పెట్టుకోదు. కొందరు కాగితం మీద కుటుంబాన్నే విడదీస్తారు. నిబంధన బతుకును కొలవడంతో ఆగక, బతుకును తన కొలతకు కుదించుకొంటున్నది. పేదలను గుర్తించే ప్రయత్నాలలో ఇటువంటి వికృతులు, తప్పుడు సమాచారం, అవమానభారం పుడతాయని అమర్త్య సేన్ 1990లలోనే హెచ్చరించారు. సహాయాన్ని ఒక్కసారిగా కాక మెట్లుమెట్లుగా తగ్గించడం, ఒక నెలను గాక రెండు మూడేళ్ళ సగటును చూడడం, పెరిగిన ఆదాయాన్ని తానుగా చెప్పినవారికి కొంత గడువు ఇవ్వడం అసాధ్యమైన పనులు కావు. వీటివల్ల ఖర్చు కొంత పెరగవచ్చు. నిజం చెప్పడం గిట్టుబాటు కావాలంటే ఆ ఖర్చు తప్పదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. స్వయం ఉపాధి జీవి ఆదాయం స్వభావరీత్యా అంచనాయే. ఆలోచించి రాసిన అంచనా అసత్యం కాదు. పరిమితిని చూసి అంకెను ఎంచుకొనే ఉదాసీనత దోషమే. అయితే ఆ దోషంలో అడిగే పద్ధతికి కూడా భాగం ఉన్నది. తెలిసి దాచడం మాత్రం తోటి పేదవాని వంతును కాజేయడమే. పాలన లోపాలు ఎన్ని ఉన్నా అవి ఆ పనిని సమర్థించలేవు. అలాగే ప్రజలలో కొందరు అబద్ధం చెబుతారన్న కారణం జవాబులేని ప్రశ్న అడగడాన్ని సమర్థించలేదు. రెండు పక్షాల ధర్మాలూ పరస్పరాశ్రయాలు. ఒకరు తప్పారని రెండవవారు విడుదల కారు.

ఉపోద్ఘాతంలోని దర్జీకి ఈ విచారణ ఏమి చెప్పగలదు? పక్కవారు చెప్పిన అంకెను రాయడానికి ముందు, శ్రావణాన్నీ ఆషాఢాన్నీ కలిపి ఒకసారి లెక్క వేసుకోమని చెప్పగలదు. ఆ లెక్కలో పరిమితికి లోపల ఉంటే ఆమె సంతకం సత్యమే. పక్కవారు చెప్పిన అంకే అయినా సరే. కొద్దిగా పైకి తేలితే ఆమె నిజంగా కఠినమైన స్థితిలో ఉన్నది. నిజం రాస్తే కార్డు పోతుంది. రాయకపోతే తన మాట పోతుంది. అప్పుడు కూడా నిజమే రాయమని ఆమెకు చెప్పడానికి, ఆ నిజానికి తగిన వెసులుబాటు చూపని వ్యవస్థకు అధికారం తక్కువ. అది ఆమె తనకు తాను చెప్పుకోగల మాట.

తెలుగు భాషా పరిశోధకులకు ఇందులో ఒక చిన్న పని మిగిలి ఉన్నది. ‘ఆదాయం’ అన్న ఒక్క మాట స్థానంలో, పనికి సంబంధించిన ఖర్చులు పోగా ఏడాది మొత్తం మీద ఇంటికి సుమారుగా ఎంత మిగిలింది, ఎంత నుంచి ఎంత మధ్య ఉండవచ్చు అని అడిగే దరఖాస్తును ఆ దర్జీ నింపగలదు. రాబడి, మిగులు, మజూరీ, గిట్టుబాటు అనే మాటల మధ్య తేడా ఆమెకు పుస్తకాల వల్ల కాక బతుకు వల్ల తెలుసు. ఆ తేడాను పాలనా పరిభాషలోకి తీసుకురావడం శాసనకర్తల పనే కాదు, భాష తెలిసినవారి పని కూడా.